పప్పు ఉడికితే చాలదు, నీళ్ళ గుణం తెలియాలి
వేడినీళ్ళతో ఊళ్ళు వెచ్చచేసే దేశాల అనుభవం మన బోర్లకూ వర్తిస్తుంది

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి:

పుష్యమాసంలో తెల్లవారకముందే బోరు మోటారు వేస్తే గొట్టంలోంచి పడే నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. కాలువలో పారుతుంటే సన్నగా ఆవిరి లేస్తుంది. 'కింద వేడినీళ్ళ ఊట తగిలింది' అని సంబరపడే రైతులున్నారు. అదే బోరు నీళ్ళు వైశాఖ మాసంలో చల్లగా హాయిగా ఉంటాయి. మరి ఊట చల్లబడిందా? లేదు. ఆ నీళ్ళ వేడి ఏడాది పొడుగునా దాదాపు ఒక్కటే. మారేది మన చుట్టూ ఉన్న గాలి. చలికాలం గాలి 15 డిగ్రీలకు దిగినప్పుడు 28 డిగ్రీల నీళ్ళు వెచ్చన. ఎండాకాలం గాలి 42 డిగ్రీలకు ఎక్కినప్పుడు అవే నీళ్ళు చల్లన.

అయితే భూమి లోపలికి పోయేకొద్దీ వేడి పెరుగుతుందన్న మాట నిజమే. ప్రపంచంలో చాలా చోట్ల కిలోమీటరు లోతుకు 25 నుంచి 30 డిగ్రీల వరకు పెరుగుతుంది. కానీ మన నేల కింద ఉన్నది కోట్ల ఏళ్ళ కిందటే చల్లబడిన పాత గ్రానైటు. ఇక్కడ ఆ పెరుగుదల అందులో సగం ఉంటే ఎక్కువ. ఇదే రాతినేలకు దక్షిణాన ఉన్న కోలారు బంగారు గనులు ఇందుకు సాక్ష్యం. 2001లో మూతపడిన ఆ గనులు 3 కిలోమీటర్ల పైచిలుకు లోతుకు దిగాయి. అంత లోతున కూడా రాయి వేడి 65 డిగ్రీలను కొద్దిగా దాటింది, అంతే. ఆ లెక్కన మన పొలంలో వెయ్యి అడుగుల బోరు వేసినా పైనున్న నేల కంటే నాలుగు డిగ్రీలకు మించి వేడి దొరకదు.

కాబట్టి మన బోరు నీళ్ళలో చూడవలసింది వేడి కాదు. ఆ నీళ్ళలో రాయి ఏమి కలిపిందన్నది చూడాలి. ఈ సంగతి అందరికంటే ముందు గట్టిగా తెలుసుకున్నవారు భూమిలోని వేడినీళ్ళతో ఇళ్ళు వెచ్చచేసుకునే దేశాల ఇంజనీర్లు. వారి అనుభవం తెలుసుకుంటే మన చేదబావి, మన బోరు సంగతి కూడా తేటపడుతుంది.

తెలుగునాట వేడినీళ్ళు

నిజమైన వేడి ఊటలు తెలుగునాట గోదావరి లోయలో ఉన్నాయి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గరి పగిడేరు అందులో పేరున్నది. బొగ్గు కోసం సింగరేణి సంస్థ వేసిన బోర్లలోంచి అక్కడ వేడినీళ్ళు తమంత తామే పైకి ఉబికాయి. గోదావరి లోయలో నేల పెద్ద పెద్ద పగుళ్ళతో కుంగి, దానిమీద ఇసుకరాతి పొరలు దండిగా పేరుకున్నాయి. వాన నీళ్ళు ఆ పొరల వెంట, పగుళ్ళ వెంట చాలా లోతుకు దిగి, అక్కడ కాగి, మళ్ళీ పగులు దొరికిన చోట చల్లారేలోపు పైకి వస్తాయి.

ఆ నీళ్ళతో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని సింగరేణి సంస్థ పగిడేరులో నెలకొల్పింది. మన లెక్కలో చెప్పాలంటే ఐదు హార్స్‌పవర్ మోటార్లు ఐదింటిని తిప్పగల శక్తి అది. అక్కడి నీళ్ళ ఆవిరితో నేరుగా యంత్రం తిరగదు. తక్కువ వేడికే మరిగే మరో ద్రవానికి ఆ నీళ్ళ వేడిని అందిస్తారు. ఆ ద్రవం ఆవిరై యంత్రాన్ని తిప్పుతుంది.

భారత భూగర్భ సర్వే సంస్థ 1991లో వెలువరించిన పటాల సంపుటిలో దేశం మొత్తం మీద 340 వేడి ఊటలు లెక్కకు వచ్చాయి. వాటిలో లడఖ్‌లోని పూగా లోయ పేరుమోసింది. 1970వ దశకంలో అక్కడ బోర్లు వేసి, ఆ వేడితో గదిని వెచ్చచేసే ప్రయోగాలు కూడా చేశారు.

ఊరంతటికీ ఒకటే పొయ్యి

వేడినీళ్ళను గొట్టాల ద్వారా ఊరంతా తిప్పి ఇళ్ళు వెచ్చచేసే పద్ధతి కొత్తది కాదు. అమెరికాలోని బోయిసీ పట్టణంలో 1892లోనే మొదలైంది. దీనిలో అందరికంటే ముందున్నది ఐస్‌లాండ్. నాలుగు లక్షల లోపు జనాభా గల ఆ చలిదేశంలో పది ఇళ్ళలో తొమ్మిదింటికి వెచ్చదనం భూమిలోంచే వస్తుంది. రాజధాని రెక్యావిక్ దగ్గర ఆడవారు బట్టలుతుక్కునే వేడి ఊటలుండేవి. 1930లో అక్కడి నుంచి సుమారు 3 కిలోమీటర్లు గొట్టం వేసి ఒక బడికి, ఆసుపత్రికి, ఈతకొలనుకు, 60, 70 ఇళ్ళకు నీళ్ళు తెచ్చారు. ఆ తరువాత ఊరంతా పాకింది.

కిలోమీటరు లోతున 150 డిగ్రీలకు లోపు ఉండే ఇలాంటి క్షేత్రాలను అక్కడి శాస్త్రజ్ఞులు 'తక్కువ వేడి' క్షేత్రాలు అంటారు. వీటి నీళ్ళు కొంత మంచివి. లీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల లవణాలే ఉంటాయి. నేరుగా ఇంటి గొట్టాల్లోకి వదలవచ్చు. అయినా నీళ్ళ రసాయనం చూడకుండా అక్కడ ఎవరూ గొట్టం వేయరు. ఎందుకు?

కాగుకు పట్టే పొర

మన ఇళ్ళలో నీళ్ళు కాచే కాగు లోపల తెల్లగా సున్నపు పొర పడుతుంది. పంచదార వేడినీళ్ళలో బాగా కరుగుతుంది గదా. సున్నం సంగతి అందుకు తలకిందులు. నీళ్ళలో కలిసి ఉన్న బొగ్గుపులుసు వాయువు బలంతోనే సున్నం కరిగి ఉంటుంది. నీళ్ళు కాగినా, ఆ వాయువు ఎగిరిపోయినా సున్నం విడిపోయి గిన్నెకు అంటుకుంటుంది. వేడినీళ్ళ బోరులోనూ అదే జరుగుతుంది. లోతున ఒత్తిడిలో ఉన్న నీళ్ళు పైకి వచ్చి వాయువు వదలగానే గొట్టం లోపల సున్నం పేరుకుంటుంది. పట్టించుకోకపోతే గొట్టం పూడుకుపోతుంది.

రెండోది పలుగురాతిలో ఉండే సిలికా. ఇది పంచదార తీరులో నడుస్తుంది. వేడిలో కరుగుతుంది, చల్లారితే విడిపోతుంది. చాలా వేడిగా ఉన్న నీళ్ళు చల్లారితే అది గాజులాగా గొట్టాలకు పట్టుకుంటుంది. దాన్ని సుత్తితో కొట్టినా ఊడదు. మూడోది గాలిలోని ప్రాణవాయువు. వేడినీళ్ళలో అది కొద్దిగా కలిసినా ఇనుప గొట్టం తుప్పు పడుతుంది.

రెక్యావిక్ వాసులకు నాలుగో పాఠం కూడా దొరికింది. 1990లో నెస్యావెల్లిర్ అనే చోట చల్లని మంచినీళ్ళను భూమి వేడితో కాచి నగరానికి పంపడం మొదలుపెట్టారు. పాత ఊటల నీళ్ళు మంచివే. కొత్తగా కాచిన నీళ్ళూ మంచివే. రెండూ కలిసిన చోట మాత్రం గొట్టాల్లో బురదలాంటి పొర పట్టింది. కాచిన మంచినీళ్ళలోని మెగ్నీషియం, ఊట నీళ్ళలోని సిలికా ఒకటై గట్టిపడ్డాయి. అందుకే ఆ రెండు నీళ్ళను కలవనీయకుండా వేరువేరు పేటలకు పంపుతారు.

ఫ్రాన్స్‌లో పారిస్ చుట్టుపక్కల నేల కింద సున్నపురాతి పొరలో వేడినీళ్ళున్నాయి. అవి చాలా ఉప్పన. కొన్ని చోట్ల లీటరుకు 35 గ్రాముల వరకు లవణాలున్నాయి, అంటే సముద్రపు నీళ్ళకు సమానం. ఆ నీళ్ళను ఏట్లో వదిలితే ఏరు పాడవుతుంది. అందుకే 1969లో మెలున్ అనే పట్టణంలో జంట బోర్ల పద్ధతి తెచ్చారు. ఒక బోరు నుంచి నీళ్ళు తోడి, వేడి మాత్రం తీసుకుని, రెండో బోరు ద్వారా మళ్ళీ భూమిలోకే పంపిస్తారు.

నీళ్ళను చూసి రాయి సంగతి చెప్పవచ్చు

నీళ్ళలో ఏ లవణం ఎంత ఉందో కొలిస్తే, ఆ నీళ్ళు లోతున ఎంత వేడిలో ఉన్నాయో బోరు వేయకుండానే అంచనా కట్టవచ్చు. ఎక్కువ వేడిలో సిలికా ఎక్కువ కరుగుతుంది కాబట్టి, పైకి వచ్చిన నీళ్ళలోని సిలికాను బట్టి లోపలి వేడి తెలుస్తుంది. సోడియం, పొటాషియం, కాల్షియం మూడింటి పాళ్ళు చూసి లెక్క కట్టే సూత్రాన్ని ఫోర్నియర్, ట్రూస్‌డెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1973లో ఇచ్చారు. నాడి పట్టుకుని వైద్యుడు ఒంటి సంగతి చెప్పినట్టు, నీళ్ళను పరీక్షించి భూమి లోపలి సంగతి చెప్పడమన్నమాట.

ఈ నాడిపరీక్ష వేడినీళ్ళకే పరిమితం కాదు. మన చల్లని బోరు నీళ్ళకూ చెల్లుతుంది. వేడిలో త్వరగా జరిగే పని, చల్లని రాతిలో ఏళ్ళ తరబడి నిదానంగా జరుగుతుంది. తేడా అంతే.

మన రాతిలో జరిగే పని

కృష్ణా, తుంగభద్రల మధ్య నడిగడ్డలో గాని, వనపర్తి గుట్టల్లో గాని, నాగర్‌కర్నూల్ మైదానంలో గాని ఎక్కువగా ఉన్నది గ్రానైటు జాతి రాయి. ఒక రాతిముక్క చేతిలోకి తీసుకుని చూడండి. గాజులా మెరిసేది పలుగు. తెల్లగా, గులాబీ రంగులో కనిపించేది ఫెల్‌స్పార్. నల్లగా రేకురేకులుగా తళుక్కుమనేది కాకిబంగారం జాతి. ఈ నల్లరేకులో, కంటికి కనిపించని మరి కొన్ని చిన్న పలుకుల్లో ఫ్లోరైడ్ దాగి ఉంటుంది.

వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు వేళ్ళు, కుళ్ళిన ఆకులు వదిలే బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పుల్లబడుతుంది. ఆ పులుపుతో రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. మొదట్లో ఆ నీటిలో కాల్షియం బాగా ఉంటుంది. అదే మన సున్నపు నీరు. ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు, కందిపప్పు తొందరగా ఉడకదు, కాగుకు పొర పడుతుంది. నూలుకు రంగు అద్దేవారికి రంగు సమంగా పట్టదు.

నీరు ఇంకా లోతుకు పోయి, పగుళ్ళలో ఎక్కువ కాలం నిలిచిందనుకోండి. అప్పుడు కథ మారుతుంది. కాల్షియం సున్నపు గడ్డలుగా మారి నేలలోనే విడిపోతుంది. మన చేలల్లో నాగలికి తగిలే తెల్లని సుద్దగడ్డలు అలా పుట్టినవే. మరికొంత కాల్షియంను బంకమట్టి పట్టుకుని బదులుగా సోడియంను వదులుతుంది. చివరికి నీళ్ళలో సున్నం తగ్గి, సోడా గుణం పెరుగుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కాల్షియం, ఫ్లోరైడ్ రెండూ ఒకే నీళ్ళలో ఎక్కువగా ఉండలేవు. రెండూ పెరిగితే కలిసి గట్టిపడి విడిపోతాయి. అంటే కాల్షియం ఒక కాపలాదారు. ఆ కాపలాదారు వెళ్ళిపోయిన నీళ్ళలో ఫ్లోరైడ్‌కు అడ్డు ఉండదు. రాతిలోంచి వచ్చింది వచ్చినట్టు నీళ్ళలోనే ఉండిపోతుంది. గ్రానైటు లోంచి వచ్చే వేడి ఊటల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా కనబడడానికీ కారణం ఇదే.

రుచిని నమ్మితే మోసం

సోడా గుణం ఉన్న నీళ్ళలో సబ్బు బాగా నురగ వస్తుంది. పప్పు ఇట్టే మెత్తబడుతుంది. పప్పులో తినేసోడా చిటికెడు వేస్తే జరిగేది అదే గదా. కాగుకు పొర కూడా అంతగా పట్టదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, మనం తాగే మోతాదులో రుచీ లేదు. అందువల్ల 'పప్పు బాగా ఉడుకుతోంది, ఇవే మంచినీళ్ళు' అని ఇల్లాలు ఏరికోరి తెచ్చుకునే బిందెలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే ప్రమాదం ఉంది. అలాగని పప్పు ఉడకని నీళ్ళలో ఫ్లోరైడ్ లేదనే భరోసా కూడా లేదు. పప్పు పరీక్ష సున్నాన్ని చెబుతుంది. ఫ్లోరైడ్‌ను చెప్పదు.

తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. అంతకు మించి ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు పడతాయి. పళ్ళు రూపుకట్టే ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. ఒకసారి పడిన చార పోదు. మోతాదు ఇంకా ఎక్కువైతే కీళ్ళు, వెన్ను బిగుసుకుపోయి మనిషి వంగిపోతాడు. మన దేశంలో ఈ వ్యాధి సంగతి శాస్త్రలోకానికి తెలిసింది తెలుగు పల్లెల నుంచే. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో జబ్బుపడిన వారిని పరిశీలించి షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లో ఆ వివరాలు ప్రకటించారు. ఆ తరువాత నల్లగొండ పేరు దేశమంతా మోగింది. పాత మహబూబ్‌నగర్ జిల్లా రాతినేలల్లోనూ ఫ్లోరైడ్ ఉన్న బావులు, బోర్లు అనేకం బయటపడ్డాయి.

కాచినా పోదు

నీళ్ళు కాచి తాగితే ఏ జబ్బూ రాదని మనకు పెద్దలు చెప్పారు. క్రిముల విషయంలో అది అక్షరాలా నిజం. ఫ్లోరైడ్ విషయంలో మాత్రం కాదు. 10 లీటర్ల నీళ్ళను మరిగించి 5 లీటర్లకు తెస్తే ఆవిరైపోయేది నీరే. ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి రెట్టింపు చిక్కబడుతుంది. గుడ్డతో వడగట్టినా, బ్లీచింగు పొడి కలిపినా ఫ్లోరైడ్ తగ్గదు.

దాన్ని తీయడానికి పద్ధతులు లేకపోలేదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970వ దశకంలో రూపొందించిన 'నల్లగొండ పద్ధతి'లో పటిక, సున్నం కలిపి నీళ్ళను కలియతిప్పి తేర్చుతారు. అయితే ఏ నీళ్ళకు ఎంత పటిక అన్నది పరీక్ష చేసి తేల్చవలసిందే. కంటి అంచనాతో వేస్తే పటికే ఎక్కువై మరో తంటా వస్తుంది.

2016లో మొదలైన మిషన్ భగీరథ కింద శుద్ధిచేసిన నదీజలాన్ని ఇళ్ళకు చేర్చే ఏర్పాటు జరిగింది. నది నీరు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచినది కాదు కనుక ఈ చిక్కు దానికి తక్కువ. కానీ కుళాయి రాని రోజున, పొలం పనుల్లో, గొర్రెల వెంట పోయినప్పుడు, కల్లం దగ్గర మనం తాగేది బోరు నీళ్ళే. రోజంతా ఎండలో పనిచేసే కూలీ మనిషి తాగే నీళ్ళు ఎక్కువ. అందువల్ల అతనికే ముప్పు ఎక్కువ.

చేనుకూ ఇదే లెక్క

సోడా నీళ్ళు మనిషినే కాదు, చేనునూ పాడుచేస్తాయి. ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి పారిస్తే మట్టిలోని కాల్షియం సున్నంగా మారి పక్కకు పోతుంది. సోడియం మట్టిని పట్టుకుంటుంది. నేల తడిస్తే జిగురు, ఆరితే రాయి. పైన నీళ్ళు నిలుస్తాయి గాని ఇంకవు, మొలక పైకి రాదు. ఇది చౌడులో ఒక రకం. వ్యవసాయ శాఖ వారు జిప్సం వేయమని చెప్పేది ఇందుకే. జిప్సంలోని కాల్షియం మట్టిలోకి చేరి సోడియంను వెళ్ళగొడుతుంది. ఎకరానికి ఎంత వేయాలన్నది మట్టిని, నీళ్ళను పరీక్షించాకే నిర్ణయించాలి.

చేయవలసినది

పక్కపక్క పొలాల్లోని రెండు బోర్ల నీళ్ళు కూడా ఒకటి కావు. ఒకటి తాకిన పగులు వేరు, రెండోది తాకిన పగులు వేరు. అందువల్ల 'మా ఊరి నీళ్ళు మంచివి' అనే మాటకు అర్థం లేదు. ఏ బోరు నీళ్ళు తాగుతామో ఆ బోరు నీళ్ళనే పరీక్షించాలి. పాత బోరును మరింత లోతు చేసినప్పుడు, కొత్త బోరు వేసినప్పుడు మళ్ళీ పరీక్ష తప్పదు. ఎండాకాలం ఒకసారి, వానల తరువాత ఒకసారి చూస్తే తేడా తెలుస్తుంది.

పరీక్ష పెద్ద పని కాదు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, మోటారు కాసేపు నడిచాక నింపి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపాలి. తారీఖు, బోరు ఉన్న చోటు, లోతు సీసా మీద రాయాలి. ఫ్లోరైడ్, కాల్షియం, సోడియం, క్షార గుణం ఈ నాలుగూ అడిగి రాయించుకుంటే మనిషికీ, చేనుకూ ఒకే కాగితం పనికివస్తుంది. ఎక్కువ ఫ్లోరైడ్ తేలిన బోరు మీద ఎర్రరంగు వేసి 'తాగరాదు' అని రాయించడం పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. ఆ నీళ్ళు స్నానానికి, బట్టలుతకడానికి నిక్షేపంగా పనికివస్తాయి. బడి ఆవరణలోని బోరును, అంగన్‌వాడీ బోరును అందరికంటే ముందు చూడాలి.

వాన నీళ్ళు పట్టుకోవడం రెండో దారి. కప్పు మీద పడిన వాన నీరు రాతిని తాకలేదు కనుక అందులో రాతి లవణాలు ఉండవు. కుంట పూడిక తీసి, బోరు పక్కన ఇంకుడు గుంత తవ్వితే కొత్త నీరు పాత నీటితో కలిసి లవణాలు పలచబడతాయి.

ఐస్‌లాండ్ వారు గొట్టం బాగుండాలని నీళ్ళను పరీక్షిస్తారు. గొట్టం పాడైతే కోసి కొత్తది వేసుకోవచ్చు. బడిపిల్లవాడి పళ్ళకూ, తల్లి వెన్నెముకకూ ఆ వీలు లేదు. రానున్న ఎండాకాలంలో బోర్లు లోతు చేయించే ముందు, ప్రతి గ్రామసభలోనూ నీటి పరీక్ష కాగితం ఒక్కసారి బిగ్గరగా చదివి వినిపించాలి. ఆ కాగితం లేని ఊళ్ళో సర్పంచును అడగడం ప్రతి ఇంటివారి హక్కు.